వ్యాజ్యెం దేవుడికి అప్పగించడం ఎలా: అన్యాయం జరిగినప్పుడు చేసే ప్రార్థన

అప్పు తీసుకున్నవాడు ఎదురుపడి నవ్వుకుంటూ పోతాడు. పొలమంతా అన్న తన పేర రాయించుకుంటాడు. మేస్త్రీ మూడు నెలల కూలి ఎగ్గొడతాడు. ఆదివారం సంఘంలో ప్రార్థన విన్నపాలు చెప్పమంటే మీరు లేచి "వాళ్ళ సంగతి దేవుడే చూసుకోవాలి" అని కూర్చుంటారు. ఇంటికొచ్చి మోకరిస్తే మాత్రం నోట ఏం రావాలో తెలియదు. ఒక పెద్దాయన "క్షమించెయ్యమ్మా, అంతే" అంటాడు. ఇంకొకరు శాపాలున్న 109వ కీర్తన రోజూ చదవమని, అవతలివాడు నెలలో మంచం పడతాడని చెప్పి పోతారు.

బైబిల్లో ఉన్న దారి ఈ రెండూ కాదు. 35వ కీర్తన మొదటి మాటే చూడండి: "యెహోవా, నాతో వ్యాజ్యెమాడువారితో వ్యాజ్యెమాడుము". వ్యాజ్యెం అంటే కోర్టు దావా. అంటే ఈ ప్రార్థనలో మీరు వాది, దేవుడు న్యాయాధిపతి. శిక్ష అమలుచేసే తలారి పని మీది కాదు. ఈ ఒక్క సంగతి బుర్రలో ఉంటే కింద చెప్పే అడుగులన్నీ తేలికగా అర్థమవుతాయి. ఇది మరిచిపోతే ప్రార్థన కాస్తా శాపనార్థాలైపోతుంది.

మొదలుపెట్టే ముందు ఒక మాట. దెబ్బలు తింటున్నా, ప్రాణభయం ఉన్నా, ఇంట్లో పిల్లల మీద అఘాయిత్యం జరుగుతున్నా ముందు అక్కడినుంచి బయటపడండి. పోలీసులకు 112, స్త్రీల సహాయానికి 181, పిల్లల కోసం 1098. దావీదు కూడా సౌలు ఈటె విసిరినప్పుడు తప్పుకుని పారిపోయాడు. అక్కడే కూర్చుని కీర్తన పాడుతూ ఉండలేదు.

మొదటి అడుగు: కాగితం మీద పెట్టండి

అష్షూరు రాజు సన్హెరీబు బెదిరిస్తూ ఉత్తరం పంపితే హిజ్కియా దాన్ని చదివి, మందిరానికి పోయి, యెహోవా సన్నిధిలో విప్పి పరిచాడు (2 రాజులు 19:14). మీరు చేయాల్సింది కూడా అదే. ఒక తెల్లకాగితం తీసుకుని నిలువుగా మూడు గడులు గీయండి. మొదటి గడిలో మీరు కళ్ళారా చూసింది, చేతిలో రుజువు ఉన్నది. రెండో గడిలో ఎవరో చెప్తే విన్నది. మూడో గడిలో మీరు అనుకుంటున్నది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. నాన్న పోయాక 60 సెంట్ల పొలం అమ్మ పేరున ఉంది. పెద్దకొడుకు పింఛను కాగితాలని చెప్పి అమ్మ చేత సంతకం పెట్టించి, ఆ పొలం తన పేర గిఫ్ట్ డీడ్ రాయించుకున్నాడని తమ్ముడికి అనుమానం. ఈసీ (ఆ పొలం మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాలిచ్చే కాగితం) తీయిస్తే రిజిస్ట్రేషన్ తేదీ, దస్తావేజు నంబరు కనిపించాయి. ఇది మొదటి గడి. "పింఛను కాగితాలన్నాడు, అందుకే పెట్టాను" అని అమ్మ చెప్పింది. ఆ సంతకం దగ్గర తమ్ముడు లేడు కాబట్టి ఇది రెండో గడి. "ఇదంతా వదినే చేయించింది." ఇది మూడో గడి.

మూడో గడిలో ఉన్న పేరు ప్రార్థనలోకి రాకూడదు. ఇది గట్టిగా చెప్పాల్సిన మాట, ఎందుకంటే మన దగ్గర ఎక్కువ పాడయ్యేది ఇక్కడే. "మీ ఇంటి పక్కవాళ్ళే చేయించారు", "తోడికోడలి పని" అని దర్శనం పేరుతో ఎవరో చెప్తారు. ఆ రోజునుంచి ఏ తప్పూ చేయని మనిషి మీద ఇంటిల్లిపాదీ ఉపవాసాలుంటారు. ఇద్దరు ముగ్గురు సాక్షుల మాట మీద తప్ప నేరం స్థిరపరచకూడదని ద్వితీయోపదేశకాండము 19:15 చెబుతుంది. దర్శనం చెప్పినాయన్ని ఆ ఇద్దరిలో ఒకడిగా లెక్కేయకండి. కారణం లేని శాపం తగలదని సామెతలు 26:2లో ఉంది. తగలకపోయినా తోడికోడళ్ళ మధ్య మాటలు మాత్రం తెగిపోతాయి.

కాగితంలో తేదీలు, మొత్తాలు రాయండి. "చాలా డబ్బు" అని కాదు, "2 లక్షల 40 వేలు, అసలు" అని. దేవుడికి తెలియక కాదు ఈ లెక్క. రేపు లాయరుకు ఈ కాగితమే చూపించాలి, మీకూ మీ బాధ ఎంతో ఒక హద్దు కనిపించాలి.

రెండో అడుగు: మీవైపు చూసుకోండి, కానీ తవ్వుకుంటూ కూర్చోకండి

7వ కీర్తనలో దావీదు న్యాయం అడగబోయే ముందు 3నుంచి 5 వచనాల్లో ఒక పరీక్ష పెట్టుకున్నాడు. నేను ఈ పని చేసి ఉంటే, నా చేతిలో పాపం ఉంటే, శత్రువు నన్ను తరిమి పట్టుకోనియ్యి అన్నాడు. తన మీద వచ్చిన ఆ ఒక్క నింద గురించే తనను తాను ప్రశ్నించుకున్నాడు. చిన్నప్పటినుంచీ చేసిన పాపాలన్నీ అక్కడ లెక్కపెట్టలేదు. తేల్చుకుని ముందుకు కదిలాడు.

మీరూ ఈ వివాదం వరకే మిమ్మల్ని ప్రశ్నించుకోండి. నూటికి ఐదు రూపాయల వడ్డీ రాయించుకుని ఇప్పుడు ఎగ్గొట్టాడని ఏడుస్తున్నారా? అయితే అసలు సొమ్ము అడగండి, ఆ వడ్డీ సంగతి ముందు దేవుడి దగ్గర ఒప్పుకోండి. యెరూషలేములో యూదులు తోటి యూదుల దగ్గరే వడ్డీ పట్టి పొలాలు లాక్కుంటుంటే నెహెమ్యా నిలదీసి తిరిగి ఇప్పించాడు (5వ అధ్యాయం). తమ్ముడి వాటా తినేసినవాడు, తన వాటా తిన్నవాడి మీద వ్యాజ్యెం వేస్తే అది నిలవదు.

కొట్టించుకున్న భార్యకు, చెరచబడ్డ పిల్లకు ఈ అడుగు అసలు లేదు. "నీలో ఏ పాపం ఉందో చూసుకో" అని వాళ్ళకు చెప్పే పెద్దలు ఉంటారు. అది వాక్యం కాదు, ఇంకో దెబ్బ.

దీనికి రెండు నిమిషాలు చాలు. ఒప్పుకోవాల్సింది ఉంటే ఒప్పుకోండి, సరిదిద్దాల్సింది ఉంటే కాగితం అడుగున రాసుకోండి.

మూడో అడుగు: మీ దెబ్బకు తగిన కీర్తన

సొంత మాటలు దొరకనప్పుడు అరువు తెచ్చుకోవడానికే కీర్తనలున్నాయి. ఏ కీర్తన అయినా ఒకటే అనుకుంటే పొరపాటు. నమ్మినవాడు, కలిసి గుడికెళ్ళినవాడు మోసం చేస్తే 55 (23 వచనాలు). దూషించినవాడు శత్రువైతే భరించేవాణ్ణి, కానీ నువ్వు నా చెలికాడివి కదా అన్న ఏడుపు అందులో ఉంది. అబద్ధపు కేసు, అబద్ధ సాక్ష్యం అయితే 35. డబ్బు, పలుకుబడి ఉన్నవాళ్ళు బలహీనుణ్ణి తొక్కితే 10, లేదా 94. పుకార్లతో పేరు పాడుచేస్తే 64, పదే వచనాలు. మోసం చేసినవాడు మేడ కట్టి, కారు కొని, సంఘంలో ముందు వరసలో కూర్చుంటే 73. అది ఆసాపు రాసింది, అందులో అసూయ కూడా దాచుకోకుండా చెప్పాడు. నోరే పెగలకపోతే 13. ఆరు వచనాలే, మొదటి రెండు వచనాల్లోనే "ఎన్నాళ్లవరకు" అని పదేపదే అడుగుతుంది.

58, 109, 137లతో మొదలుపెట్టకండి. వాటిలో శాపాలున్నాయి. 58, 109 సంగతి తర్వాత.

పైకి చదవండి. మనసులో చదివితే కళ్ళు జారిపోతాయి. ఒకసారి మొత్తం చదివి, రెండోసారి గుండె పట్టేసిన చోట ఆగండి. అక్కడ కీర్తన ఆపి మీ మాట మొదలుపెట్టండి.

నాలుగో అడుగు: అడగడం

ఇరవై నిమిషాలు పెట్టుకోండి. కీర్తనకు ఐదు, మొర పెట్టడానికి ఐదు, అడగడానికి ఐదు, మిగతాది మౌనంగా ఉండడానికి. గడియారం చూసుకుంటూ ప్రార్థనేంటి అనొచ్చు. కోపంలో ఉన్నవాడు గంటసేపు మొదటి భాగంలోనే తిరుగుతూ ఉండిపోతాడు, లేచేసరికి మోకరించినప్పటికంటే ఎక్కువ మండుతుంటాడు. హద్దు అందుకే.

మొర పెట్టేటప్పుడు భాష శుద్ధి చేయకండి. మన ఇళ్ళలో ప్రార్థన అనగానే "పరిశుద్ధుడవైన తండ్రీ, స్తోత్రములు" అని మొదలై, అసలు విషయం దగ్గరికొచ్చేసరికి గొంతు చల్లబడుతుంది. యిర్మీయా, ఆసాపు అలా మాట్లాడలేదు. నాకు కడుపు మండుతోంది, వాడిని చూస్తే వణుకొస్తోంది, నువ్వెందుకు ఊరుకున్నావు అని అడగండి. 10వ కీర్తన మొదలయ్యేదే నువ్వెందుకు దూరంగా నిలబడ్డావు అన్న ప్రశ్నతో.

అడిగేటప్పుడు నాలుగు మాటలు: ఆపు. బయటపెట్టు. ఇప్పించు. మార్చు.

ఆ అన్నదమ్ముల పొలం సంగతే తీసుకుంటే ప్రార్థన ఇలా ఉంటుంది:

"ప్రభువా, ఈ కాగితం నీ ముందు పెడుతున్నాను. మా అన్న అమ్మ చేత సంతకం ఎలా పెట్టించుకున్నాడో నీకు తెలుసు. నాకు నిద్ర పట్టడం లేదు. వాడి ఇంటి ముందునుంచి పోతే రాయి తీసుకోవాలనిపిస్తోంది. ఆ పొలం ఇంకొకరికి అమ్మకుండా ఆపు. దస్తావేజు రాసినాయన నోట, సాక్షుల నోట నిజం పలికించు. మా వాటా మాకు ఇప్పించు. జక్కయ్య లేచి నిలబడి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నట్టు మా అన్న కూడా తనంతట తానే ఇచ్చేలా వాడి మనసు విరుగగొట్టు. వినకపోతే వాణ్ణి ఏం చేయాలో నేను చెప్పను, అది నీ పని. నా చెయ్యి తీసేస్తున్నాను. యేసు నామములో అడిగి వేడుకొంటున్నాను తండ్రీ, ఆమేన్."

ఇందులో ఏం లేదో చూడండి. కాళ్ళు పడిపోవాలని లేదు, కేన్సర్ రావాలని లేదు, వాడి పిల్లలు దిక్కులేకుండా పోవాలని లేదు. శిక్ష ఏమిటో వాది చెప్పడు, జడ్జి చెబుతాడు. పిల్లల జోలికి అసలే పోవద్దు. తండ్రి దోషం కొడుకు మోయడని యెహెజ్కేలు 18:20 తేల్చేసింది.

మరి కీర్తనల్లో అంత కటువైన మాటలున్నాయేమిటి అంటే, వాటిని కాస్త దగ్గరగా చూడాలి. 10:15లో దుష్టుడి భుజం విరగ్గొట్టు అంటాడు. భుజం అంటే బలం, పలుకుబడి. 58:6లో వాళ్ళ నోటి పళ్ళు విరగ్గొట్టు అని, వెంటనే కొదమసింహాల కోరలు ఊడగొట్టు అని అంటాడు. కోరలు పోయిన సింహం బతికే ఉంటుంది, కరవలేదు. అడిగేది ముఖ్యంగా అదే, హాని చేసే శక్తి పోవాలని. 83వ కీర్తన అయితే 16వ వచనంలో వాళ్ళు నీ నామాన్ని వెదికేలా వాళ్ళకు అవమానం కలిగించు అని కారణం కూడా చెప్పింది.

మన ఊళ్ళలో "నా ఉసురు తగలకపోదు" అంటారు. యాకోబు 5:4లో కూలివాళ్ళకు ఇవ్వక బిగపట్టిన కూలి మొర పెడుతోందన్న మాట వినగానే మనకు ఆ ఉసురే గుర్తొస్తుంది. తేడా ఒకటుంది. ఉసురు దానంతటది పోయి తగులుతుందని నమ్మకం. ఈ మొర మాత్రం ఒకరి చెవిన పడుతుంది, సైన్యములకు అధిపతియగు ప్రభువు చెవిన. వినేవాడొకడున్నాడు కాబట్టి మెటికలు విరవాల్సిన పని లేదు.

ఐదో అడుగు: వకాల్తా మీద సంతకం

"నా వ్యాజ్యెభారమును నీమీదనే వేయుచున్నాను" అన్నాడు యిర్మీయా (11:20). లాయరుకు వకాల్తా రాసిచ్చాక మళ్ళీ మీరే లేచి వాదిస్తే కేసు ఏమవుతుందో తెలిసిందే. "పగతీర్చుట నా పని" అన్న వచనానికి ముందే రోమా 12:19లో "దేవుని ఉగ్రతకు చోటియ్యుడి" అని ఉంది. చోటివ్వడం అంటే మీరు పక్కకు జరగడం.

మాటగా చెప్తే సరిపోదు. కాగితం కింద "నేను చేయనివి" అని రాసి సంతకం పెట్టండి. వాట్సాప్ స్టేటస్‌లో సూటిపోటి వచనాలు పెట్టను. (ఇది నవ్వులాట కాదు, సంఘాల్లో సగం గొడవలు ఇక్కడే మొదలవుతాయి.) వాడి ఉద్యోగం పోయేలా ఆకాశరామన్న ఉత్తరాలు రాయను. మనుషుల్ని పంపను. వాడి పిల్లల పెళ్ళి సంబంధాలు చెడగొట్టను. ఏన్గెదీ గుహలో సౌలు తన చేతికి చిక్కినా దావీదు పైవస్త్రపు చెంగు మాత్రమే కోశాడు, దానికే గుండె కొట్టుకుంది. "యెహోవా నీకూ నాకూ మధ్య న్యాయం తీర్చును గాక, నా చెయ్యి మాత్రం నీ మీద పడదు" అన్న ఆయన మాటల సారం (1 సమూయేలు 24:12) ఈ అడుగుకు సరిగ్గా సరిపోతుంది.

ఆరో అడుగు: చట్టం తలుపు తట్టండి

ప్రార్థన చేస్తున్నాం కదా, కేసెందుకు అని చాలామంది ఇక్కడ ఆగిపోతారు. నెహెమ్యా 4:9 చదవండి. ప్రార్థన చేశారు, కాపలా కూడా పెట్టారు. ఫిలిప్పీలో విచారణ లేకుండా కొట్టించి, తర్వాత గుట్టుగా వెళ్ళిపొమ్మంటే పౌలు ఒప్పుకోలేదు, అధికారులే వచ్చి తీసుకెళ్ళాలన్నాడు (అపొ. కార్యములు 16:37). కైసరుకు అప్పీలు కూడా చేసుకున్నాడు. కీడు చేసేవాడి మీద ఉగ్రత తీర్చడానికి అధికారి దేవుని సేవకుడని రోమా 13:4 అంటుంది. పగ తీర్చుకోవద్దన్న 12వ అధ్యాయం తర్వాత పేజీలోనే ఇది ఉంది. దేవుడికి చోటివ్వడంలో కోర్టుకు పోవడం కూడా ఒక భాగమే.

దేవుడి సమయం కోసం కనిపెడుతూ చట్టం ఇచ్చిన గడువు పోగొట్టుకోకండి. ప్రామిసరీ నోటుకు మూడేళ్ళు దాటితే కాలదోషం పడుతుంది. చెక్కు బౌన్స్ అయితే బ్యాంకు మెమో అందిన 30 రోజుల్లోపు నోటీసు పంపాలి. నోటీసు అందాక 15 రోజుల్లో కట్టకపోతే, ఆ తర్వాత నెలలోపు కోర్టులో వేయాలి. ఆన్‌లైన్ మోసమైతే వెంటనే 1930కి ఫోన్ చేయండి, ఎంత ముందు చెప్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. పొలం అయితే ఈసీ, దస్తావేజు నకలు తీయించండి. లాయరు ఫీజు కట్టలేకపోతే న్యాయ సేవాధికార సంస్థ నంబరు 15100. స్త్రీలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. ఎఫ్‌ఐఆర్ నకలు ఫిర్యాదుదారుకు డబ్బులు తీసుకోకుండా ఇవ్వాలి, అడిగి తీసుకోండి.

విశ్వాసి విశ్వాసి మీద కోర్టుకు పోకూడదని 1 కొరింథీ 6 చూపిస్తారు. అక్కడ పౌలు మాట్లాడింది సహోదరుల మధ్య ఇచ్చిపుచ్చుకునే తగాదాల గురించి. మీలో తీర్చగల బుద్ధిమంతుడు ఒక్కడూ లేడా అని సంఘాన్నే సిగ్గుపరిచాడు. కాబట్టి డబ్బు, పొలం తగాదా అయితే మత్తయి 18:15 వరస వాడండి: ముందు ఒంటరిగా వెళ్ళి చెప్పడం, వినకపోతే ఒకరిద్దరిని తీసుకెళ్ళడం, ఆపై సంఘం. ఇవి జరుగుతున్నా గడువు దగ్గరపడితే నోటీసు పంపేయండి.

నేరం అయితే ఈ వరస వర్తించదు. లైంగిక దాడి, కొట్టడం లాంటివి చేసినవాడి దగ్గరికి బాధితురాలిని ఒంటరిగా పంపడం ఏ వాక్యం చెప్పలేదు. 18 ఏళ్ళలోపు పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోలీసులకు చెప్పి తీరాలని పోక్సో చట్టం (2012) 19వ సెక్షన్ అంటుంది. సంఘం పరువు కోసమని దాచిన పెద్ద కూడా శిక్షకు లోబడతాడు. చేసినవాడు పాస్టరయినా, సండే స్కూలు టీచరయినా ఇంతే.

ఏడో అడుగు: వాడి కోసం ఒక్క వాక్యం

"మిమ్మును హింసించు వారి కొరకు ప్రార్థన చేయుడి" అన్న మాటకు, న్యాయం తీర్చమన్న మొరకు పడదని చాలామంది అనుకుంటారు. పౌలు చివరి ఉత్తరంలో రెండూ రెండు వచనాల దూరంలో ఉన్నాయి. కంచరి అలెక్సంద్రు నాకు చాలా కీడు చేశాడు, ప్రభువు అతని క్రియల చొప్పున ప్రతిఫలం ఇస్తాడు, నువ్వు కూడా వాడితో జాగ్రత్త అన్నాడు (2 తిమోతి 4:14, 15). తన మొదటి విచారణలో భయపడి వదిలేసి పోయినవాళ్ళ గురించి వెంటనే, అది వాళ్ళకు నేరంగా ఎంచబడకుండును గాక అన్నాడు. దుర్మార్గుడూ పిరికివాడూ ఒకటి కాదని ఆయనకు తెలుసు. మీ కాగితంలో ఉన్న పేర్లను కూడా అలా విడదీయండి. దగా చేసినవాడు ఒకడుంటాడు, తెలిసీ నోరు మెదపని బంధువులు పదిమంది ఉంటారు.

ఆశీర్వదించే మాట నోట రాకపోతే బలవంతం లేదు. మొదటి వారం "ఫలానావాణ్ణి నీ చేతిలో పెడుతున్నాను" అనే ఒక్క వాక్యం చాలు. కొన్నాళ్ళకు "వాడు మారాలి" అని కలపండి. స్తెఫనును రాళ్ళతో కొడుతుంటే బట్టలకు కాపలా ఉన్న యౌవనుడి పేరు సౌలు, తర్వాత అపొస్తలుడైన పౌలు ఆయనే.

క్షమించడం అంటే కేసు వాపసు తీసుకోవడం కాదు, మళ్ళీ అదే ఇంటికి కాపురానికి పోవడం కాదు, మళ్ళీ అప్పివ్వడం కాదు. ఈ నాలుగూ వేరు వేరు. క్షమాపణ పేరుతో సంతకాలు పెట్టించుకునేవాళ్ళు వస్తే "పాస్టరు గారూ, క్షమాపణ దేవుడి దగ్గర చేసుకుంటాను, సంతకం లాయరుగారిని అడిగి పెడతాను" అనండి.

ఎవరితో కలిసి, ఎన్నాళ్ళు

ఇద్దరు ముగ్గురు చాలు, నోరు కట్టుకోగలిగినవాళ్ళు. స్త్రీల కూడికలో లేచి పేరుతో సహా చెప్తే అది సాయంత్రానికి ఊరంతా తిరుగుతుంది, అవతలివాడు పరువునష్టం దావా వేయడానికి సాక్షులు కూడా దొరుకుతారు. బహిరంగ ప్రార్థనలో "ఒక భూమి విషయంలో న్యాయం కోసం" అంటే చాలు.

ఉపవాసం ఉండాలనుకుంటే ఒక పూటతో మొదలుపెట్టండి. షుగరు మందులు వాడేవాళ్ళు, గర్భిణులు డాక్టరును అడగకుండా వద్దు. యెషయా 58 ముందు చదవండి. కలహపడుతూ, గుద్దులాడుతూ ఉపవాసం ఉండేవాళ్ళ ప్రార్థన పైన వినబడదని అక్కడ ఉంది. డబ్బు తీసుకుని "శత్రు సంహార ప్రార్థన" చేసిపెడతామనేవాళ్ళ జోలికి వెళ్ళకండి. 40 రోజుల్లో పని అవుతుందని గ్యారంటీ ఇచ్చేవాడు బైబిలు చెప్పనిది చెబుతున్నాడు.

లూకా 18లో విధవరాలు అడిగింది ఒక్కటే వాక్యం, "నా ప్రతివాదికిని నాకును న్యాయము తీర్చుము". దానికోసం మాటిమాటికి పోయింది. ప్రతివాది ఇంటిముందు కేకలేయలేదు. సరైన గుమ్మం పట్టుకుని వదలలేదు. మీరూ రోజూ ఇరవై నిమిషాలు చేయలేకపోతే వారానికి రెండుసార్లు చేయండి, కానీ మానకండి. నెలకోసారి ఆ కాగితం తీసి, ఏది కదిలిందో తేదీ వేసి రాయండి.

ఆలస్యమైతే మీ విశ్వాసం తక్కువని ఎవరన్నా అంటే ప్రకటన 6:10 చూపించండి. హతసాక్షులు పరలోకంలో బలిపీఠం కింద ఉండి కూడా ఎందాక అని అడుగుతున్నారు. వాళ్ళకు వచ్చిన జవాబు, ఇంకా కొంచెం కాలం ఆగమని.

109వ కీర్తన సంగతి

31 వచనాల్లో 6నుంచి 19 వరకు శాపాలున్నాయి. వాడి పిల్లలు బిచ్చమెత్తాలని, వాడి పేరు తుడిచిపెట్టుకుపోవాలని ఉంటుంది. 5వ వచనం దాకా శత్రువుల్ని "వారు" అన్న కీర్తన 6లో హఠాత్తుగా "వాడు" అంటుంది. అందుకే ఈ శాపాలు దావీదు మీద శత్రువులు పలికినవని, ఆయన వాటిని దేవుడికి వినిపిస్తున్నాడని కొందరు పండితులు చదువుతారు. దావీదు మాటలే అని చదివేవాళ్ళూ ఉన్నారు. 8వ వచనాన్ని పేతురు యూదా ఇస్కరియోతు విషయంలో వాడాడు. ఎలా చదివినా 4వ వచనం మాత్రం దావీదుదే: వాళ్ళు పగబట్టారు, "అయితే నేను మానక ప్రార్థనచేయుచున్నాను".

కతోలిక సభ 1971లో ప్రచురించిన దైనిక ప్రార్థనల పుస్తకంలో 58, 83, 109 కీర్తనలను పూర్తిగా వదిలేసింది. అంత దూరం పోనక్కర్లేదని మా అభిప్రాయం. అంత కోపం ఒక మనిషికి వస్తుందని, దాన్ని దేవుడి ముందు కక్కవచ్చని ఆ కీర్తనలు చెబుతాయి. కానీ రోజుకిన్నిసార్లు అని లెక్కపెట్టి ఒకరి పేరు మీద చదివితే అది మంత్రమవుతుంది. చదివితే 31వ వచనం దాకా చదవండి, పేరు పెట్టకుండా చదవండి, మీకు కోపం పట్టలేనంతగా ఉన్న రోజు ఒంటరిగా చదవకండి.

జవాబు వచ్చినట్టు కనిపించినప్పుడు

వాడికి యాక్సిడెంట్ అయిందని తెలిసింది. సంఘంలో లేచి సాక్ష్యం చెప్పాలనిపిస్తుంది. కూర్చోండి. సిలోయము గోపురం కూలి 18 మంది చనిపోతే, వాళ్ళు మిగతావాళ్ళకంటే పాపులనుకుంటున్నారా అని యేసు అడిగాడు (లూకా 13:4). రోడ్డు మీద జరిగింది తీర్పో కాదో మీకు తెలియదు. శత్రువు పడితే సంతోషించకు, అది చూసి యెహోవా కోపం వాడి మీదనుంచి తీసేస్తాడేమో అని సామెతలు 24:17, 18 హెచ్చరిస్తుంది. వీలైతే ఆసుపత్రికి ఎవరి చేతనైనా పళ్ళు పంపించండి. దావా మాత్రం ఆపకండి.

వాడే దిగివచ్చి రాజీ అంటే సంతోషం. నోటిమాటగా ఒప్పుకోకండి. ఎంత, ఏ తేదీకి, ఎలా ఇస్తాడో రాసి ఇద్దరు సాక్షులతో సంతకాలు చేయించుకోండి. పొలం అయితే రిజిస్టరైన కాగితాన్ని మళ్ళీ రిజిస్ట్రేషనే సరిచేయాలి, తెల్లకాగితం పనికిరాదు. డబ్బు చేతికొచ్చాక, దస్తావేజు చేతిలో పడ్డాక, కేసు ఎత్తివేసే సంతకం ఆ తర్వాత. అమ్మ ఉంటే ఈసారి చదివి వినిపించి మరీ ఆమె సంతకం తీసుకోండి.

ఆ రాత్రి మూడు గడుల కాగితం తీసి, మూడో గడిని అడ్డంగా కొట్టేయండి. అక్కడ రాసిన పేరు గలవాళ్ళ ఇంటితో మాటలు ఆపేసి ఉంటే, వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక వెళ్ళి పలకరించండి.